డార్క్ చాక్లెట్, బాదం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పండుగలు దగ్గర పడుతున్నందువల్ల కాబోలు, ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం డార్క్ చాక్లెట్, బాదంపప్పుల చుట్టూనే తిరిగాయి. ఒకే సందేహం పలువురికి కలిగిన చోట ఒక ఉత్తరాన్నే ఎంచుకొని, కాస్త వివరంగా జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి, అక్కడ నవంబరు 7వ తేదీని బాదం కలిపిన డార్క్ చాక్లెట్ రోజుగా జరుపుకొంటారని చెప్పి, ఆ రోజు ఇక్కడ మమ్మల్ని కూడా ఏదైనా చేయమంటోంది. ఎనభై దాటిన మా అత్తగారి నుంచి ఏడో తరగతి చదివే మనవడి వరకు ఇంట్లో చాలా మందిమి ఉంటాము. కేకు వద్దనుకుంటున్నాము. అందరమూ కలిసి చేయదగినది చెప్పగలరా?
— ఒక గృహిణి, కాప్రా

జవాబు: మీ అమ్మాయి చెప్పిన తేదీ మన ఊరికి కూడా చక్కగా కుదురుతుందమ్మా. నవంబరు మొదటి వారానికి హైదరాబాదులో వానలు వెనకబడతాయి, రాత్రులు చల్లబడతాయి, గాలిలో తేమ తగ్గుతుంది. చాక్లెట్‌తో ఇంట్లో పని పెట్టుకోవడానికి ఏడాదిలో ఇంతకంటే అనువైన కాలం మన దగ్గర లేదు. మే నెలలో అయితే ఈ సలహా ఇచ్చేవాళ్లము కాదు.

మీరు వండవలసింది దాదాపు ఏమీ లేదు. సాయంత్రం ఫలహారానికీ రాత్రి భోజనానికీ మధ్య, అందరి నాలుకలూ తేలికగా ఉన్న వేళలో, రుచి చూసే కార్యక్రమం ఒకటి పెట్టుకోండి. మూడు రకాల డార్క్ చాక్లెట్ బార్లు తెచ్చుకోండి: 55 శాతం, 70 శాతం, 85 శాతం. అట్ట మీద వేసే ఈ అంకె ఆ చాక్లెట్‌లో కోకో గింజ నుంచి వచ్చిన పదార్థమంతా కలిపి ఎంత ఉన్నదో చెబుతుంది. గింజలోని కొవ్వు, అంటే కోకో బటర్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మిగిలిన భాగంలో దాదాపు అంతా చక్కెరే. అంకె పెరిగేకొద్దీ తీపి తగ్గి చేదు, వగరు ముందుకు వస్తాయని పిల్లలకు ముందే చెప్పకండి. వాళ్లంతట వాళ్లు కనిపెడితే ఆ సాయంత్రానికి అందం వస్తుంది.

మనిషికి ఒక్కొక్క రకం నుంచి చూపుడువేలి గోరంత ముక్క చాలు. ముందు ముక్కను చెవి దగ్గర పెట్టుకొని విరవమనండి. సరిగా గడ్డకట్టిన చాక్లెట్ టక్కున విరుగుతుంది, విరిగిన అంచు పదునుగా, నునుపుగా ఉంటుంది. తరువాత దాన్ని వేళ్ల మధ్య ఒక్క క్షణం రుద్ది వాసన చూడాలి. చివరకు నోట్లో వేసుకొని, నమలకుండా, నాలుకకూ అంగిటికీ మధ్య కరగనివ్వాలి. కోకో బటర్ మన ఒంటి వేడి కంటే కొద్దిగా తక్కువ వేడికే, సుమారు 34 డిగ్రీల దగ్గర, కరిగిపోతుంది కాబట్టి ఓపిక పట్టిన వారికే అసలు రుచి దొరుకుతుంది. మొదట పులుపు, ఆ తరువాత చేదు, చివరన ఎండుద్రాక్షనో కాల్చిన గింజనో గుర్తుకు తెచ్చే వాసన ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. రకానికీ రకానికీ మధ్య గోరువెచ్చని నీళ్లు తాగించండి. చల్లని నీళ్లు తాగితే నాలుక మీద కొవ్వు గడ్డకట్టి, తరువాతి ముక్క రుచి తెలియదు. ఆ అరగంటసేపు చాయ్‌ను కూడా దూరంగా ఉంచండి.

ఇక బాదం వంతు. ఈసారి 70 శాతం చాక్లెట్ ఒక్కదాన్నే ఉంచి, దానితోపాటు పచ్చి బాదం, దోరగా వేయించిన బాదం, వేయించి చిటికెడు ఉప్పు పట్టించిన బాదం వరుసగా ఇవ్వండి. మూడు పళ్లేలలోనూ చాక్లెట్ ఒకటే అయినా మూడు వేరువేరు మిఠాయిలు తిన్నట్లు అనిపిస్తుంది. ఉప్పుకు చేదును అణచే గుణం ఉండటం వల్ల మూడో పళ్లెంలో చాక్లెట్ తియ్యగా మారినట్లు తోస్తుంది. ఇంట్లో అందరికీ ఎక్కువ నచ్చేది అదే కావచ్చు. మీ అత్తగారి కోసం బాదంను పలుచని రేకులుగా తరిగి గాని, బరకగా దంచి గాని చాక్లెట్ ముక్క మీద చల్లి ఇవ్వండి. పళ్లతో పని ఉండదు.

మీ మనవడికి మరొక సంగతి చెప్పండి. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. పశ్చిమ గోదావరి, ఏలూరు ప్రాంతాలలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడలో దీనిని అంతరపంటగా వేస్తారు. కాయలు కొమ్మల చివర కాకుండా నేరుగా మాను మీదే కాస్తాయి. లోపలి గింజలను తెల్లని గుజ్జుతో సహా కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించిన తరువాతనే మనకు తెలిసిన చాక్లెట్ వాసన పుడుతుంది. గోదావరి జిల్లాల గింజలతో చేసిన బార్లు ఇప్పుడు హైదరాబాదులోనే దొరుకుతున్నాయి. మూడింటిలో ఒకటి అలాంటిది తీసుకుంటే, ఆ రుచి ఏ నేల మీద పుట్టిందో కూడా మాట్లాడుకోవచ్చు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఏరి పారేయని ఇంటివాళ్లం మనం. 85 శాతం ముక్క నోట్లో వేసుకొని ముఖం చిట్లించిన వారికి వెంటనే చక్కెర అందించవద్దు. దాని మీద ఒక వేయించిన బాదం నమలమనండి. చేదును మింగేయడానికి కాకుండా చేదుతో జత కట్టడానికే బాదం ఉన్నదని అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: కరిగించిన చాక్లెట్‌లో బాదం వేసి పళ్లెంలో పరిచి ఆరబెడితే, మరునాటికి దాని మీద తెల్లని మచ్చలు వచ్చాయి. మెరుపు లేదు, చేతితో పట్టుకుంటే వేళ్లకు అంటుకుంటోంది. బూజు అనుకొని పారేశాను. రెండోసారి కరిగిస్తుంటేనే గట్టిపడి ముద్దయిపోయింది. నేను ఎక్కడ పొరబడుతున్నాను?
— డిగ్రీ విద్యార్థిని, మెహదీపట్నం

జవాబు: ముందుగా ఒక ఊరట: అది బూజు కాదు. మీరు పారేసిన చాక్లెట్ నిక్షేపంగా తినదగినదే. మీకు జరిగినవి రెండు వేరువేరు సంగతులు కాబట్టి విడివిడిగా చెబుతాము.

కోకో బటర్ గడ్డకట్టేటప్పుడు దానిలోని స్ఫటికాలు ఆరు రకాలుగా పేరుకోగలవు. వాటిలో ఐదో రకం ఒక్కటే మనకు కావలసిన మెరుపునూ, టక్కున విరిగే గట్టిదనాన్నీ ఇస్తుంది. కొనేటప్పుడు బార్‌లో ఉండేది ఆ రకమే. దానిని మనం పూర్తిగా కరిగించి ఊరికే వదిలేస్తే, తక్కువ వేడికే కరిగే నాసిరకం స్ఫటికాలు కూడా చేరిపోతాయి. కొవ్వు మెల్లగా పైకి తేలి తెల్లని పొరగా, మచ్చలుగా కనిపిస్తుంది, ముట్టుకుంటే అంటుకుంటుంది. దీనికి విరుగుడుగా చాక్లెట్‌ను కరిగించి, చల్లార్చి, మళ్లీ కొద్దిగా వెచ్చబరిచే పద్ధతిని టెంపరింగ్ అంటారు. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల వరకు కరిగించి, 27–28 డిగ్రీలకు దించి, తిరిగి 31–32 డిగ్రీలకు తేవాలి.

ఇంట్లో దీనికి తేలికైన దారి ఉంది. 300 గ్రాముల చాక్లెట్ తీసుకొని సన్నగా తరగండి. ముక్కలు పెసరగింజలంత ఉంటే మంచిది. అందులో 200 గ్రాములు ఒక స్టీలు గిన్నెలో వేయండి. వేరొక గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు మరగబెట్టి పొయ్యి ఆపేసి, దాని మీద చాక్లెట్ గిన్నె పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్లను తాకకూడదు. గరిటెతో నెమ్మదిగా కలుపుతూ కరిగించి, గిన్నెను కిందికి దించి, దాని అడుగును పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. ఇప్పుడు మిగిలిన 100 గ్రాముల తరుగును కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. కరగని ఆ ముక్కల్లో ఉన్న మంచి స్ఫటికాలు, పాలలో వేసిన తోడులా, గిన్నెలోని చాక్లెట్ అంతటినీ తమ దారికి తెచ్చుకుంటాయి. వంటింటి థర్మామీటరు ఉంటే 31 డిగ్రీల దగ్గర ఆపండి. లేకపోతే, ఒక చెంచా కొసను అందులో ముంచి ఫ్యాను గాలికి దూరంగా బల్ల మీద పెట్టండి. ఐదు నిమిషాల్లో మచ్చ లేకుండా గట్టిపడితే చాక్లెట్ సిద్ధమైనట్లే. గట్టిపడకపోతే మరికొంత తరుగు వేసి ఇంకాసేపు కలపాలి.

రెండోసారి ముద్ద కావడానికి కారణం నీళ్లు. కరిగిన చాక్లెట్‌లో నాలుగు చుక్కల నీళ్లు పడినా, కింది గిన్నె ఆవిరి తగిలినా, అందులోని పొడి చక్కెర తడిసి ఒకదానికొకటి అంటుకొని మొత్తం బిగుసుకుపోతుంది. తడి గరిటె, సరిగా ఆరని గిన్నె, మూత మీది ఆవిరి, ఇవే సాధారణంగా దోషులు. వింతగా తోచినా, ఆ ముద్దను కాపాడేది కూడా ద్రవమే. నాలుగైదు చెంచాల వేడి పాలు గాని, క్రీమ్ గాని పోసి కలిపితే అది నున్నని సాస్‌గా మారుతుంది. మళ్లీ బార్‌గా గట్టిపడదు గానీ, వేయించిన బాదం పలుకుల మీద పోసుకొని ఐస్‌క్రీమ్‌తో తినడానికి దివ్యంగా ఉంటుంది. ఇకముందు పారేయకండమ్మా.

నానబెట్టిన బాదం కూడా ఈ పనికి పనికిరాదు. మన ఇళ్లలో రాత్రి నానవేసి పొద్దున తొక్క తీసి తినే అలవాటు ఉంది కాబట్టి, చాలా మంది అదే బాదంను చాక్లెట్‌లో వేస్తారు. అందులోని తడి వల్ల చాక్లెట్ బిగుసుకోవడమే కాక నాలుగు రోజుల్లో బాదం మెత్తబడి వాసన వేస్తుంది. పచ్చి బాదంను అడుగు మందంగా ఉన్న మూకుడులో, సన్నని సెగ మీద, పది పన్నెండు నిమిషాలు ఆపకుండా కదుపుతూ వేయించండి. ముందు తొక్క రంగు ముదురుతుంది, తరువాత అక్కడొకటి ఇక్కడొకటి చిటపటమంటాయి, ఆ వెంటనే కమ్మని వాసన గది దాటి వస్తుంది. అప్పుడు ఒక పప్పును తీసి అడ్డంగా కోసి చూడండి. లోపల తెలుపు పోయి లేత గోధుమరంగు వచ్చి ఉంటే దించేయాలి. మూకుడు వేడికి ఇంకా ఎర్రబడతాయి కాబట్టి వెంటనే పళ్లెంలో పోయండి. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా అనిపించినా చల్లారాక కరకరలాడతాయి. పూర్తిగా చల్లారిన తరువాతే చాక్లెట్‌లో కలపాలి. వెచ్చటి బాదం వేస్తే మీరు కష్టపడి తెచ్చిన 31 డిగ్రీలు తారుమారవుతాయి.

300 గ్రాముల చాక్లెట్‌కు 150 గ్రాముల బాదం సరిపోతుంది. సగం కలిపి, సగం పైన చల్లి, బటర్ పేపర్ మీద అర అంగుళం కంటే పలుచగా పరిచి, పైన కొద్దిగా రాతి ఉప్పు పలుకులు రాల్చండి. మన ఊరి గుర్తు కావాలనుకుంటే రెండు ఉస్మానియా బిస్కెట్లను చేత్తో నలిపి చల్లవచ్చు. ఆ బిస్కెట్‌లోని ఉప్పు–తీపి డార్క్ చాక్లెట్‌కు బాగా నప్పుతుంది.

ప్రశ్న: బేగంబజార్‌కు వెళితే మామ్రా, గుర్బందీ, కాలిఫోర్నియా అంటూ బాదంలోనే ఎన్నో ధరలు చెబుతున్నారు. చాక్లెట్ స్లాబులు కూడా కిలో ధరలో రెట్టింపు తేడా ఉన్నాయి. దేనిని కొనాలి?
— ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: చాక్లెట్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మోసపోయే అవకాశం అక్కడే ఎక్కువ. తక్కువ ధర స్లాబు చాలావరకు కాంపౌండ్ అయి ఉంటుంది. అందులో కోకో పొడి ఉంటుంది గానీ, కోకో బటర్‌కు బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ వాడతారు. పాకెట్ వెనుక దినుసుల జాబితా చదవండి. బరువులో ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయడం నియమం. డార్క్ చాక్లెట్ అన్న పేరు పెట్టుకొని మొదటి దినుసుగా చక్కెర, రెండోదిగా వెజిటబుల్ ఫ్యాట్ రాసి ఉంటే, దానిని ఈ పనికి కొనవద్దు. కోకో మాస్ (కోకో గింజలను నూరిన ముద్ద), కోకో బటర్ అన్నవి ముందు వరుసలో కనిపించాలి. కాంపౌండ్‌కు టెంపరింగ్ అక్కరలేదు, ఎండకు త్వరగా కరగదు, అందుకే పుట్టినరోజు కేకుల అలంకరణకు బేకరీలవారు దానిని వాడుకుంటారు, అందులో తప్పేమీ లేదు. కానీ అది నాలుక మీద కరగకుండా మైనపు పొరలా మిగిలిపోతుంది. చాక్లెట్‌నే పండుగ చేసుకోదలచిన రోజున ఆ పొదుపు పనికిరాదని మా గట్టి అభిప్రాయం. కిలో కాంపౌండ్ కొనే డబ్బుతో తక్కువ బరువైనా మంచి చాక్లెట్ కొనండి.

బాదంలో మాత్రం ఖరీదైనదే మేలు అనుకోనక్కరలేదు. ప్రపంచంలో పండే బాదంలో సుమారు ఐదింట నాలుగు వంతులు కాలిఫోర్నియాదే. గింజ పెద్దగా, చదునుగా, ఒకే పరిమాణంలో ఉండి సమంగా వేగుతుంది కాబట్టి చాక్లెట్‌లో వేయడానికి అదే సుళువు. ఇరాన్, అఫ్గానిస్థాన్‌ల నుంచి వచ్చే మామ్రా పప్పులు ముడతలు పడి వంకరగా ఉంటాయి. నూనె ఎక్కువ, రుచి గాఢం, ధర కూడా అంతే గాఢం. వాటిని వేయించి దాచేయకుండా పచ్చిగానే, మొదటి జవాబులో చెప్పిన రుచి చూసే పళ్లెంలో పెట్టడం న్యాయం. గుర్బందీ చిన్నగింజ, మంచి ఘాటైన వాసన గలది. అయితే వాటిలో అప్పుడప్పుడు నిజమైన చేదు బాదం తగులుతుంది. ఆ చేదు వెనుక ఉన్న పదార్థం నమిలినప్పుడు సైనైడ్‌ను విడుదల చేస్తుంది కాబట్టి, పొరపాటున ఒకటి తగిలితే మింగకుండా ఉమ్మేసి నోరు కడుక్కోండి. పిల్లలకు ఇచ్చే వాటిలో గుర్బందీ వాడకపోవడమే మంచిది.

ఏ రకమైనా కొనే ముందు ఒకటి కొరికి చూడండి. పాత నూనె వాసన వస్తే ఆ బస్తా వద్దు. కొన్న తరువాత ఎక్కువ రోజులు ఉంచదలిస్తే గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మమ్మ గారి ఇంట్లో పెళ్లిళ్లకు బాదం కీ జాలీ తప్పనిసరి. ఇప్పుడు మా పిల్లలు అది మరీ తియ్యగా ఉందంటున్నారు. డార్క్ చాక్లెట్‌తో కలిపి ఏదైనా చేయవచ్చా? సంప్రదాయం చెడుతుందేమోనని సంకోచం కూడా ఉంది.
— ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: సంకోచించకండి. రెండూ ఒకదానికొకటి ఎంతో కాలంగా తెలిసినవే. బాదం పిండినీ చక్కెరనూ కలిపి ముద్ద చేసి అచ్చులతో కోసే పద్ధతి యూరప్‌లో మార్జిపాన్‌గా ఉంది, దానిని డార్క్ చాక్లెట్‌లో ముంచి తినడం అక్కడ మామూలే. మన పాతబస్తీ ఇళ్లలోని జాలీ, నాణెంలా అచ్చువేసే అష్రఫీ కూడా అదే జాతి మిఠాయిలు. తీపి ఎక్కువైన చోట చేదును చేర్చడమే మీ పిల్లల ఫిర్యాదుకు సరైన పరిష్కారం.

200 గ్రాముల బాదంను వేడినీళ్లలో ఐదు నిమిషాలు వేసి తొక్క తీసి, గుడ్డ మీద రాత్రంతా ఆరనిచ్చి, మిక్సీలో ఆపి ఆపి పొడి చేయండి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. 150 గ్రాముల చక్కెరలో అది తడిసేంత నీళ్లు పోసి తీగపాకం వచ్చాక, సన్నని సెగ మీద పొడి వేసి, ముద్ద గిన్నె అంచులను వదిలే వరకు కలపండి. కొద్దిగా ఏలకుల పొడి చాలు. కుంకుమపువ్వు ఈసారి వద్దు, చాక్లెట్ ముందు అది వినబడదు, డబ్బు దండుగ. గోరువెచ్చగా ఉన్నప్పుడే రెండు బటర్ పేపర్ల మధ్య పావు అంగుళం మందాన అప్పడాల కర్రతో ఒత్తి, అచ్చుతో కోయండి. మీ ఇంట్లో కోసిన తరువాత పొయ్యి మీదో ఓవెన్‌లోనో కాస్త ఎర్రబడనిచ్చే అలవాటు ఉంటే అది మానవద్దు. ఆ కాలిన అంచు చాక్లెట్‌కు బాగా పొత్తు కుదురుతుంది.

బిళ్లలు బాగా ఆరాక, రెండో జవాబులో చెప్పినట్లు టెంపర్ చేసిన 70 శాతం చాక్లెట్‌లో ఒక్కొక్కదాన్నీ సగం వరకు మాత్రమే ముంచి బటర్ పేపర్ మీద పెట్టండి. మొత్తం ముంచితే అమ్మమ్మగారి జాలీ కనబడకుండా పోతుంది, అది మాకూ ఇష్టం లేదు. ముంచని సగం మీద వెండి వరఖు అద్దితే నలుపూ తెలుపూ పక్కపక్కన మెరుస్తాయి. మీ పిల్లల చేతనే ముంచించండి. ఏ అంచు పట్టుకోవాలో, అదనపు చాక్లెట్‌ను గిన్నె అంచుకు ఎలా గీయాలో రెండు బిళ్లలకే వాళ్లకు పట్టుబడుతుంది.

ప్రశ్న: నాకు మధుమేహం ఉంది. డార్క్ చాక్లెట్, బాదం రెండూ ఆరోగ్యానికి మంచివని అందరూ అంటున్నారు. ఎంత తినవచ్చు?
— పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మాస్టారూ, మంచిదన్న మాటకు కొలత తోడు ఉండాలి. 70 శాతం చాక్లెట్ 30 గ్రాములు తింటే అందులో దాదాపు 9 గ్రాముల చక్కెర, సుమారు 180 కేలరీలు వస్తాయి. 28 గ్రాముల బాదంలో, అంటే ఇరవై మూడు పప్పులలో, మరో 160 కేలరీలకు పైగా ఉంటాయి, దానితోపాటు 6 గ్రాముల ప్రోటీను, 3 గ్రాములకు పైగా పీచు, మంచి మోతాదులో విటమిన్ ఇ లభిస్తాయి. మీ విషయంలో 85 శాతం చాక్లెట్ 10 గ్రాముల ముక్క, దానితో ఎనిమిది పది బాదం పప్పులు, భోజనం చివర తీసుకోవడం మితంగా ఉంటుంది. ఆ ముక్కలో చక్కెర ఒకటిన్నర గ్రాముకు మించదు. అయినా మీ మందులు, మీ పరీక్షల అంకెలు తెలిసిన వైద్యుడి మాటే చివరిది. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చిన వారు మాత్రం ముందుగా తప్పక అడగాలి, ఎందుకంటే కోకోలోనూ బాదంలోనూ ఆక్సలేట్ ఎక్కువ. చక్కెర లేనిదని అమ్మే చాక్లెట్‌లో తరచు మాల్టిటాల్ వాడతారు. అది కూడా రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది, ఎక్కువైతే కడుపు ఉబ్బరిస్తుంది.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. ఇంట్లో కుక్కపిల్ల కూడా ఉంది. ఈ సందడిలో జాగ్రత్తలేమిటి?
— ఒక తల్లి, సైనిక్‌పురి

జవాబు: ఐదేళ్లలోపు పిల్లలకు బాదం పప్పును పూర్తిగా గాని, పెద్ద ముక్కలుగా గాని ఇవ్వకూడదు. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. మెత్తని పొడి చేసి చాక్లెట్‌లో కలపండి, అదీ పాప కూర్చొని తింటున్నప్పుడే ఇవ్వండి. బాదం పడని పిల్లలు ఉంటారు కాబట్టి, ఇంటికి వచ్చే పిల్లల తల్లిదండ్రులను ముందే అడిగి తెలుసుకోండి. కుక్కకు మాత్రం డార్క్ చాక్లెట్ విషం. అందులోని థియోబ్రోమిన్‌ను కుక్క శరీరం త్వరగా వదిలించుకోలేదు, చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ. ఆరబెట్టే పళ్లేలను నేల మీద పెట్టవద్దు. కొంచెమైనా తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్థులం. ఓవెన్ లేదు, క్రీమ్ తినము. అరగంటలో అయ్యే చాక్లెట్–బాదం తీపి ఏదైనా ఉందా?
— ఒక దంపతులు, గచ్చిబౌలి

జవాబు: ఉంది, అదీ మంచినీళ్లతో. నీళ్లు చాక్లెట్‌కు శత్రువని పైన రాసి ఇక్కడ నీళ్లే పోయమంటున్నారేమని అనుకోకండి. చుక్కలుగా పడితే బిగించే నీరు, తగినంత పోస్తే చాక్లెట్‌లోని కొవ్వుతో కలిసి మరో రూపం తీసుకుంటుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎర్వే తీస్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో గుడ్లు, క్రీమ్ ఏవీ ఉండవు.

70 శాతం డార్క్ చాక్లెట్ 200 గ్రాములు తరిగి, 180 మిల్లీలీటర్ల నీటితో కలిపి సన్నని సెగ మీద నున్నగా కరిగించండి. ఒక పెద్ద గిన్నెలో ఐసుముక్కలూ కొద్ది నీళ్లూ పోసి, దానిలో చాక్లెట్ గిన్నెను కూర్చోబెట్టి, గుడ్లు గిలక్కొట్టే తీగ గరిటెతో చిలకండి. మొదటి కొన్ని నిమిషాలు ఏమీ జరగనట్లే ఉంటుంది. గరిటె గీసిన చారలు ఒక్క క్షణం నిలిచాయని కనబడిన వెంటనే ఐసు మీద నుంచి తీసేయాలి, ఎందుకంటే అక్కడి నుంచి గట్టిపడటం చాలా వేగంగా జరుగుతుంది. రవ్వరవ్వగా అయిపోతే మళ్లీ కరిగించి, రెండు చెంచాల నీళ్లు కలిపి మరోసారి చిలకండి. పలుచగానే మిగిలిపోతే ఇంకొంచెం చాక్లెట్ వేసి కరిగించి మొదలుపెట్టండి. ఎన్నిసార్లయినా వెనక్కి రావచ్చు, అదే దీనిలోని గొప్ప సదుపాయం.

చిన్న గ్లాసుల అడుగున వేయించిన బాదం పలుకులు వేసి, పైన ఇది వేసి, మళ్లీ పలుకులు చల్లి వెంటనే తినండి. నీళ్లకు బదులు అదే కొలతలో చిక్కని కాఫీ డికాషన్ పోసినా, బాదంను నీళ్లతో రుబ్బి వడకట్టిన పాలు పోసినా కుదురుతుంది. బాదంపాలతో చేసినది కొంచెం మెత్తగా ఉంటుంది గానీ, రుచిలో మా ఓటు దానికే.

ప్రశ్న: దీపావళికి డ్రై ఫ్రూట్స్ డబ్బాకు బదులు ఇంట్లో చేసిన చాక్లెట్లు విజయవాడ బంధువులకు పంపాలనుకుంటున్నాను. పాడవకుండా చేరతాయా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: బిళ్లలుగా చేసి పంపండి. ఫ్రాన్స్‌లో క్రిస్మస్‌కు చేసే మాందియాఁ అనే చాక్లెట్ బిళ్లల మీద బాదం, హేజల్‌నట్, ఎండు అంజీర్, ఎండుద్రాక్ష అనే నాలుగింటిని పెడతారు. అవి భిక్షాటనతో జీవించిన నాలుగు సన్యాసి సంఘాలకు గుర్తులు. మీరు హేజల్‌నట్ స్థానంలో పిస్తా పెట్టవచ్చు. చెంచాడు చాక్లెట్‌ను బటర్ పేపర్ మీద రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా పరచి, తడి ఆరక ముందే నాలుగూ అద్దితే సరి. డ్రై ఫ్రూట్స్ డబ్బాలో ఉండే సరుకే ఇందులోనూ ఉంటుంది, పెద్దవాళ్లు వింతగా చూడరు.

మంచి చాక్లెట్ 34 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పగటి బస్సు డిక్కీలో పంపవద్దు. ఎవరైనా రాత్రి ప్రయాణంలో చేతిసంచిలో తీసుకువెళ్లేలా చూడండి. బిళ్లల మధ్య బటర్ పేపర్ పెట్టి, గాలి చొరని డబ్బాలో బిగుతుగా సర్దండి. ఫ్రిజ్‌లో ఉంచవలసి వస్తే డబ్బాతో సహా పెట్టండి. బయటికి తీసిన తరువాత డబ్బా బయటి గది వేడికి వచ్చేదాకా, కనీసం గంటసేపు, మూత తీయకండి. వెంటనే తీస్తే గాలిలోని తేమ చల్లని చాక్లెట్ మీద నీటి బొట్లుగా చేరి, చక్కెరను కరిగించి, ఆరాక తెల్లని గరుకు పొరను మిగులుస్తుంది. ఈ మాట ఒక చీటీ మీద రాసి డబ్బా పైన అంటించండి, విజయవాడలో డబ్బా విప్పేవారికి అది ముందు కనబడాలి. అంజీర్, ద్రాక్షలలో కొంత తడి ఉంటుంది కాబట్టి ఆ బిళ్లలను రెండు వారాల్లోపు తినేయమని కూడా అందులోనే రాయండి. బాదం ఒక్కటే పెట్టినవి నెల దాటినా కరకరలాడుతూనే ఉంటాయి.